పొగమంచు బొమ్మలకి కాటన్ పేపర్: కొన్ని చలికాలాలు వాడాక

విజయనగరంలో ఉద్యోగం, ఆదివారాలు బొమ్మలు, అదీ నా స్థాయి. చలికాలం బొమ్మలంటే మరీ ఇష్టం. హిమాలయాల మంచు కాదు, అది ఫొటోలు చూసి అప్పుడప్పుడూ వేస్తుంటాను, దాని సంగతి తర్వాత. మన దగ్గర ధనుర్మాసంలో తెల్లారగట్ల దిగే పొగమంచు. పెద్ద చెరువు అవతలి గట్టు మాయమైపోవడం, శ్రీకాకుళంలో నాగావళి మీద వంతెన సగం దాకా కనిపించి ఆ తర్వాత ఏమైపోయిందో తెలియకపోవడం, కళ్లాల్లో వరి కుప్పలు ముందువి ముదురుగా వెనకవి లేతగా వరసగా నిలబడటం. ఇలాంటివి ఆయిల్ రంగుల్లో వెయ్యాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. వాటర్‌కలర్‌లో సగం పని నీళ్ళే చేసిపెడతాయి, కాకపోతే కాగితం సహకరించాలి.

అందుకే ఈ సమీక్ష రంగుల గురించి కాదు, కాగితం గురించి. 300 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరు కాగితం 300 గ్రాములు తూగేది), 100 శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (పైన చిన్న చిన్న గుంతలతో కాస్త గరుకుగా ఉండే రకం). ఒకే కంపెనీది పట్టుకుని కూర్చోలేదు, ఎప్పుడు ఏది దొరికితే అది వాడాను, కాబట్టి పేర్లు చెప్పను.

మామూలు పేపరు కలప గుజ్జుతో చేస్తారు. దాని మీద నీళ్ళు పైపైనే ఉంటాయి, ఒక పక్క ఆరిపోయి ఇంకో పక్క మడుగు కట్టి ఉంటుంది, ఎక్కడికక్కడ గీతలు పడిపోతాయి. పొగమంచుకి అంచు ఉంటే ఇంకేం పొగమంచు? కాటన్ పేపరు నీటిని లోపలికి తీసుకుని దాచుకుంటుంది, షీటంతా ఇంచుమించు ఒకేసారి ఆరుతుంది, మనకి ఆలోచించుకునే టైమ్ ఇస్తుంది. తేడా అంతా ఆ టైమ్‌లోనే ఉంది.

చెరువు గట్టు మీద తాటిచెట్లు వేసే పద్ధతి చెబుతాను, అప్పుడు అర్థమవుతుంది. ముందు షీటు రెండు వైపులా తడుపుతాను. (ఓసారి గట్టు మీద గేదెల్ని తోలుకెళ్తున్న ముసలాయన ఆగి, "ఏటి బావూ, కాగితమంతా ఉత్తి నీళ్ళే పూస్తన్నావు" అన్నాడు. ఆ పూటకి అదే నిజం.) సూర్యుడు వచ్చే వైపు చాలా పల్చగా రా సియెన్నా (మట్టి పసుపు), మిగతా అంతా అల్ట్రామెరైన్‌లో (ముదురు నీలం) కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) కలిపిన బూడిద రంగు. తర్వాత ఏమీ చెయ్యకూడదు. బోర్డుని కంటి ఎత్తుకి లేపి పక్కనుంచి చూస్తుంటే కాగితం మీద తళతళ తగ్గుతూ వస్తుంది. ఆ మెరుపు పోయి తడి మాత్రం మిగిలిన క్షణంలో చిక్కటి రంగుతో, బ్రష్‌ని గుడ్డకి అద్ది, తాటి తలలు పెట్టాలి. రంగు కొంచెం పాకి ఆగిపోతుంది. బ్రష్‌లో నీళ్ళు కాగితంలో ఉన్నదానికంటే ఎక్కువుంటే ఆ నీళ్ళు అక్కడున్న రంగుని పక్కకి నెట్టేస్తాయి, చారు ఒలికి ఎండిన మరకలా అంచు తేలుతుంది. గుజ్జు పేపరు మీద ఆ క్షణం వచ్చిందో లేదో తెలిసేలోపే వెళ్ళిపోతుంది.

మన వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. విదేశీ వీడియోల్లో చెప్పే నిమిషాలు మనకి పనికిరావు. జనవరి పొద్దున్న గాల్లో తేమ ఉండటం వల్ల షీటు ఆరనే ఆరదు, తడి కాగితం మీద తడి రంగు వేసే పనికి బాగుంటుంది గానీ రెండో పూత వెయ్యాలంటే ఎండొచ్చేదాకా కూర్చోవాలి. ఇంట్లో అయితే డాబా మీద పెట్టేసి టీ తాగి రండి, ఫ్యాన్ కింద మాత్రం వద్దు. మే నెలలో అదే కాగితం మీద బ్రష్ ముంచి తీసేలోపు మెరుపు పోతుంది, అప్పుడు పొగమంచు మానేసి ఇంకేదైనా వేసుకోవడమే.

ఇప్పుడు గొడవలు. అన్నిటికంటే పెద్దది వానాకాలం. ఈ కాగితానికి సైజింగ్ అని జిలాటిన్ లాంటి పూత ఉంటుంది, రంగుని పైన నిలిపేది అదే. మనలాంటి ఉక్కపోత ఊళ్ళలో ఆ పూత పాడవుతుంది, బూజు కూడా పట్టొచ్చు. కంటికి కొత్త షీటులాగే ఉంటుంది, తడపగానే రంగు బ్లాటింగ్ పేపర్ మీద పడ్డట్టు దిగిపోయి మచ్చలు మచ్చలుగా తేలుతుంది. ఒక షాపులో కొన్న ప్యాడ్ మొదటి షీటు నుంచే అలా ఉంది, ఎన్నాళ్ళ స్టాకో ఏమో, వెనక్కి తీసుకోమంటే ససేమిరా అన్నారు. అప్పట్నుంచి ఏ షీటైనా మూలన ఒక నీటి చుక్క పెట్టి చూస్తాను. చుక్క కాసేపు నిలిస్తే మంచిది, వెంటనే ఇంకిపోయి అక్కడ ముదురు మచ్చ కనిపిస్తే పెన్సిల్ బొమ్మలకి పక్కన పెట్టడమే. మిగిలినవి జిప్ కవర్‌లో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి బీరువాలో పై అరలో ఉంచుతున్నాను, గోడకి ఆనించి మాత్రం పెట్టను.

300 జీఎస్‌ఎం అయినా బాగా తడిపితే అలలు లేస్తుంది. నాలుగు వైపులా టేపు వేసి బోర్డుకి బిగించాల్సిందే.

రంగులకి పెద్ద ఖర్చక్కర్లేదు, పైన చెప్పిన మూడు ట్యూబులు చాలు. అల్ట్రామెరైన్ ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్ రాయి నుంచి తీసేవారు, బంగారంతో సమానంగా చూసేవారు, 1820ల్లో ఫ్రాన్స్‌లో కృత్రిమంగా చెయ్యడం కనిపెట్టాక మనలాంటివాళ్ళకీ అందింది. దాని రేణువులు కోల్డ్ ప్రెస్ గుంతల్లో దిగి కూర్చుంటాయి, మంచులో ఆ నలుపు నీలం గరుకుదనం మనం వెయ్యకుండానే వస్తుంది. థాలో బ్లూ అనే ఇంకో నీలం జోలికి పోకండి, కాగితానికి పట్టేసిందంటే తడిపి తియ్యాలన్నా సరిగ్గా రాదు. తెల్ల రంగు ట్యూబు నా పెట్టెలో మూత తియ్యకుండా ఉంది. హిమాలయాల మంచు వేసినా అంతే, తెలుపు కావాల్సిన చోట కాగితాన్ని అలాగే వదిలెయ్యాలి, నీడలు మాత్రం నీలంగా పెట్టాలి, ఎందుకంటే మంచు నీడ మీద పడేది ఆకాశం వెలుగే. అందుకే కొనేముందు షీటు తెలుపు చూడండి. కొంచెం మీగడ రంగున్నవి మన తెల్లవారు మంచుకి భలే ఉంటాయి, హిమాలయాలకి మాత్రం మాసినట్టు కనిపిస్తాయి.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) వెయ్యడానికి మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా ఉంచాల్సిన చోట రంగు అంటకుండా పూసి, ఆరాక ఊడదీసే రబ్బరు ద్రవం) వాడాను. మంచి షీటు మీద శుభ్రంగా ఊడొచ్చింది, సైజింగ్ పోయిన షీటు మీద కాగితం పొరతో సహా లేచింది. తడి రంగు మీద ఉప్పు చల్లి మచ్చలు తెప్పించే చిట్కా మాత్రం నాకు నచ్చలేదు, అందరి బొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి.

ధర మాటకొస్తే గుజ్జు పేపరు మీద కాటన్ కొన్ని రెట్లు ఎక్కువే. ప్యాడ్లు వదిలేసి ఫుల్ షీటు కొనండి. 22×30 అంగుళాలు, ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 7.5×11 వస్తుంది, పాడైన బొమ్మకి వెనక వైపు కూడా వాడుకోవచ్చు. రంగులు కలపడం నేర్చుకోవడానికి గుజ్జు పేపరు చాలు, పొగమంచు నేర్చుకోవడానికి మాత్రం అది వద్దు.