బీపీతో మెదడులో రక్తస్రావం: కీహోలా, ఓపెనా, అసలు సర్జరీ వద్దా?

"మా నాన్నకి బీపీ పెరిగి మెదడులో రక్తం కారింది. కీహోల్ సర్జరీ మేలంటున్నారు, చేయించమంటారా?" ఈ ప్రశ్న తరచూ వస్తోంది. నేను తిరిగి అడిగేది ఒక్కటే: సీటీ రిపోర్టులో రక్తపు గడ్డ ఎక్కడుందని రాశారు?

బీపీ వల్ల చిట్లే నాళాలు ఎక్కువగా మెదడు లోతుల్లో, అంటే బేసల్ గాంగ్లియా, థలామస్ దగ్గర ఉంటాయి. అక్కడికి చేరాలంటే బాగున్న మెదడును దాటుకుంటూ వెళ్లాలి. పుర్రె తెరిచి చేసే ఆపరేషన్‌కి ఇదే పెద్ద అడ్డంకి. వెయ్యి మందికి పైగా రోగులతో చేసిన స్టిచ్ అధ్యయనం 2005లో వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేసినా, మందులతో మొదలుపెట్టినా చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది.

కీహోల్‌లో సన్నటి గొట్టాన్ని మెదడు మడతల సందులోంచి పోనిచ్చి గడ్డను లాగేస్తారు. దీని మీద ఆశలు పెంచింది 2024లో వచ్చిన ఎన్‌రిచ్ అధ్యయనం. అమెరికాలో 300 మంది, గడ్డ 30 నుంచి 80 మి.లీ., ఆపరేషన్ 24 గంటల్లోపు. నెలలోపు మరణాలు మందులవాళ్లలో 18 శాతం, కీహోల్‌వాళ్లలో 9.3 శాతం. అయితే వార్తల్లో పెద్దగా రాని సంగతి ఒకటుంది. లాభం కనబడక, బేసల్ గాంగ్లియా రోగులను చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. మేలంతా మెదడు ఉపరితలానికి దగ్గర్లో, లోబార్ అని రాసే గడ్డలున్నవాళ్లకే దక్కింది. పైగా పోల్చింది మందులతోనే, ఓపెన్ సర్జరీతో కాదు.

అందుకే లోబార్ గడ్డ, ఆ సైజు, ఆ సమయం కుదిరితే నా ఓటు కీహోల్‌కే. గడ్డ లోతుగా ఉండి మనిషి నిలకడగా ఉంటే మాత్రం తొందరపడను. పై బీపీని త్వరగా 140 దగ్గరికి దించి, షుగర్, జ్వరం అదుపులో పెట్టే మంచి ఐసీయూ చూసుకుంటాను. పుర్రె లోపల ఒత్తిడి పెరిగి ప్రాణం మీదికొస్తే పుర్రె తెరవక తప్పకపోవచ్చు.

క్యాథెటర్ పెట్టి మందుతో గడ్డను కరిగించే పద్ధతీ ఉంది. 2019 నాటి మిస్టీ-3 అధ్యయనంలో మొత్తం ఫలితం నిరాశపరిచింది. గడ్డ 15 మి.లీ. లోపుకి తగ్గినవాళ్లలో మాత్రం కొంత మేలు కనిపించింది.

రిపోర్టులో సెరిబెల్లం, అంటే చిన్నమెదడు అని ఉండి గడ్డ పెద్దదైతే ఈ పోలికలేవీ వద్దు. సర్జన్‌కి ఏది బాగా అలవాటో అదే వెంటనే చేయనివ్వండి.