మార్విన్ సమీక్ష: గెలాక్సీ పళ్లెంలోని వాయువును, నక్షత్రాలను విడివిడిగా చూడాలంటే

న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్ వేధశాలలో 2014 నుంచి 2020 వరకు 2.5 మీటర్ల టెలిస్కోపుతో సాగిన ‘మాంగా’ సర్వే దాదాపు 10,000 సమీప గెలాక్సీల వర్ణపటాలను (కాంతిని రంగులవారీగా విడదీసిన నమోదులను) సేకరించింది. ఆ సమాచారాన్ని చూడటానికి స్లోన్ డిజిటల్ స్కై సర్వే వారు రూపొందించిన ఉచిత సాధనమే ‘మార్విన్’. దీనిని బ్రౌజర్‌లోనైనా, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ప్యాకేజీగానైనా వాడుకోవచ్చు.

గెలాక్సీ పటంలో ఒకచోట నొక్కగానే ఆ చోటి వర్ణపటం పక్కనే తెరుచుకోవడం దీనిలోని పెద్ద సౌకర్యం. ఒక్కో గెలాక్సీపై 19 నుంచి 127 వరకు ఫైబర్ల (కాంతిని మోసుకెళ్లే సన్నని గాజు తీగల) కట్టను గురిపెట్టారు కనుక, గెలాక్సీ గుర్తింపు సంఖ్యలో అడ్డగీత తరువాతి భాగం 127తో మొదలయ్యేవాటిని ఎంచుకుంటే పటం విశాలంగా దొరుకుతుంది.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినవి మాత్రం వేగ పటాలు. పళ్లెం ఆకారపు గెలాక్సీలో నక్షత్రాల వేగాన్నీ, హైడ్రోజన్ ఆల్ఫా రేఖ (వేడెక్కిన హైడ్రోజన్ వెలువరించే ఎరుపు కాంతి) ద్వారా తెలిసే వాయువు వేగాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, సాధారణంగా వాయువే కాస్త వేగంగా తిరుగుతుంటుంది. నక్షత్రాల చలనంలో కొంత భాగం అటూఇటూ చెదిరిన కదలికలుగా ఉండటమే అందుకు కారణం. కొన్ని గెలాక్సీలలో వాయువు నక్షత్రాలకు ఎదురుదిశలో తిరుగుతూ కనిపిస్తుంది. అది చాలావరకు బయటినుంచి వచ్చి చేరిన వాయువు. ఇంతటి విషయం రెండు రంగుల పటాలలో తేలిపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అయితే ఈ పటాల స్పష్టత సుమారు 2.5 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు), అంటే ఆ దూరాలలో వెయ్యి పార్‌సెక్కులు (పార్‌సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) లేదా అంతకు మించి. విడివిడి నెబ్యులాలు (వాయు మేఘాలు) కావాలనుకునేవారు 19 గెలాక్సీలకే పరిమితమైనా చాలా సూక్ష్మంగా చూపే ‘ఫాంగ్స్-మ్యూజ్’ అనే మరో సర్వే సమాచారానికి వెళ్లడమే మేలు.

వాయువు వేగాల చెదరుపాటును (వేగాలు సగటుకు అటూఇటూ ఎంత విస్తరించాయన్నది; ఇది వర్ణపట రేఖ వెడల్పుగా కనిపిస్తుంది) కొలిచేవారు మరింత జాగ్రత్తపడాలి. పలుచని పళ్లెంలో ఆ చెదరుపాటు సెకనుకు సుమారు 20 కిలోమీటర్లే కాగా, వర్ణపటమాపకం తనంతట తాను రేఖకు జోడించే వెడల్పు సెకనుకు 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఫైళ్లలోని విలువ ముడి విలువే కనుక, దాని వర్గం నుంచి పరికరం వెడల్పు వర్గాన్ని తీసివేయడం వాడేవారి బాధ్యత. అప్పుడు కొన్ని బిందువులలో రుణ సంఖ్యలు వస్తాయి. వాటిని పారేస్తే సగటు కృత్రిమంగా పెరుగుతుంది కాబట్టి, ముందు రుణ సంఖ్యలతో సహా ఆ తీసివేతల ఫలితాలన్నింటికీ సగటు తీసి, ఆ తరువాతే వర్గమూలం తీయాలి.