సింపుల్‌గా ఉండాలంటే నెక్లెసా, బుట్టలా?

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే మా విజయనగరంలో చెల్లెళ్లు, వదినలు, తెలిసినవాళ్లు అందరూ అడిగేది ఒక్కటే. “అక్కా, బోసిగా ఉండకూడదు, అలాగని గుడిలో అమ్మవారిలా కూడా ఉండకూడదు. ఉన్న డబ్బుతో ఏటి తీసుకోమంటావు, నెక్లెసా, బుట్టలా?” అడుగుతూనే ఫోన్‌లో ఒక హీరోయిన్ ఫొటో చూపిస్తారు.

ముందు ఆ ఫొటో ఎక్కడిదో చూడాలి. 2024 డిసెంబర్‌లో శోభిత ధూళిపాళ పెళ్లి ఫొటోలు మనవాళ్లు తెగ చూశారు. పొందూరు ఖాదీ చీర కూడా కట్టుకుంటుందని వార్తలు రావడంతో శ్రీకాకుళం వాళ్ల ఆనందం చెప్పనక్కర్లేదు. అయితే కంచిపట్టు మీద ఆమె నిండుగా పెట్టుకున్న నగలు పెళ్లికూతురివి. పెళ్లికి వెళ్లేవాళ్లు చూడాల్సింది విద్యాబాలన్‌ని, సాయి పల్లవిని. విద్యాబాలన్ చేనేత చీర కట్టి పెద్ద బుట్టలు పెట్టుకుని, చాలాసార్లు మెడను ఖాళీగా వదిలేస్తుంది. సాయి పల్లవి సినిమా ఫంక్షన్‌కు వచ్చినా నగలు అంతంతమాత్రమే.

నెక్లెస్‌కి ఉన్న బలం కాదనలేం. జరీ తక్కువున్న చీరకి, వెడల్పు మెడ జాకెట్టుకి అది తెచ్చే నిండుతనం బుట్టలకి రాదు. రాళ్లు లేని సాదా నెక్లెస్ అయితే మార్చేటప్పుడు పెద్దగా నష్టం ఉండదు. డబ్బు అవసరమైతే బ్యాంకులో పెట్టడానికీ పనికొస్తుంది. పెద్దవాళ్లు “మెడలోకి ఏదైనా కొనుక్కోవే” అనడంలో ఈ లెక్క ఉంది.

కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న వేరు. ఆ నగ ఒక్కటే పెట్టుకుని బయటికి వెళ్లగలమా? నెక్లెస్ ఒంటరిగా ఉండదు. దానికి తగ్గ కమ్మలు కావాలి, ఆ రెండూ పెట్టాక చేతులు వెలవెలబోతున్నాయని గాజులు కావాలి. చూస్తుండగానే సెట్టు అయిపోతుంది, సింపుల్ అనుకున్నది కాస్తా పోతుంది. పైగా పెళ్లయినవాళ్ల మెడలో పుస్తెలతాడు ఉంటుంది, చాలామందికి నల్లపూసలూ ఉంటాయి. వాటిమీద నెక్లెస్ వేస్తే మూడు వరుసలవుతాయి, దేని అందమూ కనబడదు. హీరోయిన్ ఫొటోలోని ఖాళీ మెడ మనకు లేదు కాబట్టి, కొత్తగా పెట్టేది చెవులకే పెట్టాలంటాను. బుట్టలకి ఆ పుస్తెలతాడే జత. పొందూరు ఖాదీ మీదికీ బాగుంటాయి, పట్టుచీర మీదికీ బాగుంటాయి. పైడితల్లి సిరిమానోత్సవం రద్దీలోకి నెక్లెస్‌తో వెళ్లాలంటే టెన్షన్. బుట్టలతో ఆ భయం కొంత తక్కువ.

కొనేటప్పుడు కెంపులు, పచ్చలు నిండా పొదిగినవి వద్దు. రాళ్ల బరువు తీసేశాక ఎన్ని గ్రాములో చూసి, ఆ నికర బరువుకే బంగారం రేటు కట్టించుకోండి. రాళ్లకు పెట్టిన డబ్బు మార్చేటప్పుడు చాలావరకు తిరిగి రాదు. వెనక మూసేసి పొదిగిన రాళ్లలోకి చెమట, సబ్బునీళ్లు దిగితే మెరుపూ తగ్గుతుంది, మన సముద్రపు గాలికి చెమట ఎంతో తెలిసిందే. అంచున చిన్న గుండ్లు వేలాడే సాదా బుట్టలు చాలు. 916 ముద్రతో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకి విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్, ఉందో లేదో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలకు అది తప్పనిసరి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

ఇంకా పెళ్లికాని ఆడపిల్లలకి సన్న గొలుసు, చిన్న లాకెట్ కూడా బాగుంటాయి. ముత్యాల వరుస లేతరంగు చీరల మీదికి పర్వాలేదు. వన్ గ్రామ్ గోల్డ్ ఒక ఫంక్షన్ వరకు సరే. పొడుగు హారం ఈ లెక్కలోకే రాదు.

బుట్టలతో ఒక్కటే చిక్కు, బరువు. పెట్టుకుని ఓ పది నిమిషాలు షాపులోనే తిరగండి. చెవి తమ్మె కిందికి లాగుతుంటే తేలికవి చూడండి, లేదా మాటీలు వేయించుకోండి, బరువులో కొంత జుట్టు మీదికి పోతుంది. చెవి కుట్టు ఇప్పటికే సాగిపోయి ఉంటే మాత్రం నా మాట పక్కన పెట్టి, చిన్న దుద్దులతో సాదా నెక్లెస్ తీసుకోండి.