షియా, కోకం, మామిడి, కోకో: మన ఎండలకు ఏ వెన్న మేలు?

ఇంట్లోనే బామ్‌లు, పెదవుల పూతలు, కాళ్ల పగుళ్లకు క్రీములు చేసుకునేవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు కనిపిస్తున్నారు. వీటికి వాడేది గింజల నుంచి తీసే గట్టి కొవ్వు, దాన్నే బటర్ అనీ వెన్న అనీ అంటారు. ఏ బటర్ కొనాలని ఎవరిని అడిగినా ముందు వచ్చే పేరు షియా. మంచిదే, కాదనను. కాకపోతే ఆ సలహా చలిదేశాల వీడియోల్లోంచి వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే ఊళ్లు మనవి. మే నెలలో నెల్లూరు, ఒంగోలు 42 డిగ్రీలు దాటుతుంటాయి, కరెంటు పోతే ఇంట్లో అల్మరా కూడా వేడెక్కి కూర్చుంటుంది. అందుకే నేను ఏ బటర్‌కైనా ముందు చూసేది అది ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందన్నదే. విటమిన్ల జాబితా తర్వాత.

కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున సీసాలో గడ్డకట్టి, పొద్దెక్కేసరికి నూనె అయిపోయేది అందుకే. షియా 30 దాటితే మెత్తబడుతుంది, 32 నుంచి 38 లోపు కరిగిపోతుంది. మామిడి, కోకో 34 నుంచి 38 మధ్య. కోకం మాత్రం దాదాపు 38, 40 దాకా ఆగుతుంది. ఈ నాలుగైదు డిగ్రీల తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఏప్రిల్ నుంచి జూన్ దాకా డబ్బాలో ఉండేది బామా, నూనా అన్నది తేల్చేది అదే. నురగలా గిలక్కొట్టి చేసే విప్డ్ బటర్ అయితే మన వేసవిలో అసలు నిలవదు. గాలి పోయి సగం డబ్బాకు దిగిపోతుంది. "ఏందక్కా, నిండా ఇచ్చినావనుకుంటే అడుగున నూనే ఉంది" అనిపించుకోవడం తప్ప ఫలితం లేదు.

కరగడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. షియాతో అసలు చిక్కు మళ్లీ గడ్డకట్టేటప్పుడు వస్తుంది. అందులో రకరకాల కొవ్వులు కలిసి ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో వేడి దగ్గర గడ్డకడుతుంది. మెల్లగా చల్లారితే ముందు గట్టిపడేవి విడిగా ముద్దలు కడతాయి. పూసకట్టిన నెయ్యిలా వేలికి రవ్వరవ్వగా తగులుతుంది. పాడైందని పారేయనక్కర్లేదు. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి సన్నటి సెగ మీద పూర్తిగా కరిగించి, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ నున్నగా వస్తుంది. నిప్పు మీద నేరుగా పెట్టొద్దు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం మన వేసవిలో రోజూ జరిగే పని కాబట్టి, ఈ రవ్వ కూడా మళ్లీ మళ్లీ వస్తుంది.

మరి షియా ఎందుకు కొనాలి? కాళ్ల కోసం. పశ్చిమ ఆఫ్రికాలో ఘనా, బుర్కినా ఫాసో లాంటి చోట్ల పెరిగే చెట్టు గింజల నుంచి తీస్తారు దీన్ని. మిగతా వెన్నలతో పోలిస్తే ఇందులో సబ్బుగా మారని భాగం, అంటే క్షారం కలిపినా సబ్బు కాకుండా మిగిలి చర్మాన్ని మెత్తబరిచేది, ఎక్కువ. 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. పైన పూత వేసి తేమను పట్టి ఉంచడంలోనూ దిట్ట. వరి నాట్లకు దిగి గంటల తరబడి బురదనీళ్లలో నానిన కాళ్లు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే కాళ్లు, పొగాకు గ్రేడింగు చేసి ఎండిపోయిన చేతులు, వీటికి రాత్రి పడుకునే ముందు షియా రాసి సాక్సులు వేసుకుంటే తేడా తెలుస్తుంది. శుద్ధి చేయనిది కాస్త పొగ వాసన కొడుతుంది. కొందరికి నచ్చదు. శుద్ధి చేసినదానికి వాసన ఉండదు, కాళ్లకైతే ఏదైనా ఒకటే.

కోకం సంగతి పూర్తిగా వేరు. కొంకణ తీరంలో, పశ్చిమ కనుమల్లో పండే కోకం కాయ గింజల కొవ్వు ఇది, మన దేశపుదే. ఇందులో సగానికి పైగా స్టియరిక్ ఆమ్లం అనే గట్టి రకం కొవ్వు ఆమ్లమే, అందుకే అంత గట్టి. చేతిలోకి తీసుకుంటే పెళుసుగా, గీరితే పొడిపొడిగా రాలుతుంది. నూనెతో కలిపి రాస్తే కాసేపటికి జిడ్డు మిగల్చకుండా ఇంకుతుంది. వాసన దాదాపు లేదు. నిల్వ కూడా బాగా ఉంటుంది. చెమటలు కారే ఊళ్లో ఇంతకంటే ఏం కావాలి? దీని లోటు ఒకటే, ఒంటరిగా పనికిరాదు. నేరుగా రాసుకోబోతే చర్మం మీద గరగరలాడుతుంది. కాస్త నూనె కలవాల్సిందే.

నేను రెంటినీ కలిపి వాడమంటాను. వంద గ్రాముల కాళ్ల బామ్‌కు షియా 50 గ్రాములు, కోకం 20, నువ్వుల నూనె 20, తేనెమైనం 10. మైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి దాన్ని ముందు కరిగించి, తర్వాత కోకం, ఆఖరున షియా వేయాలి. మార్చి నుంచి చేసేదైతే మైనం 15కి పెంచి నూనె 15కి తగ్గించండి. కలపడానికి ఉదయగిరి చెక్క గరిటె వాడొచ్చు, పొడిగా ఉండాలి, కూరకు వాడింది కాకూడదు.

మామిడి వెన్న గురించి మనవాళ్లకు ఆశ ఎక్కువ. ఉలవపాడు దగ్గర హైవే పక్కన వేసవంతా మామిడి గుట్టలు చూసేవాళ్లం కదా, టెంకలు పారేయడం ఎందుకు, వెన్న తీసేద్దాం అనిపిస్తుంది. ఇంట్లో కుదరదు. టెంక పగలగొడితే లోపల ఉండే జీడిని ఎండబెట్టినా అందులో కొవ్వు పదోవంతుకు అటూఇటూగానే ఉంటుంది. దాన్ని మిక్సీలో వేసి పిండితే ఏమీ రాదు, గానుగకూ సరిగ్గా లొంగదు. ఫ్యాక్టరీల్లో సాల్వెంట్‌తో, అంటే కొవ్వును కరిగించి లాగే రసాయనంతో తీస్తారు. మామిడి పండు వాసన వస్తుందని ఎదురుచూడొద్దు, రాదు. కొనుక్కునే మామిడి వెన్న మాత్రం నాకు బాగా నచ్చుతుంది. షియా అంత జిడ్డు కాదు, కోకం అంత పెళుసు కాదు. చేతులకు, మోచేతులకు, పొడిచర్మం ఉన్నవాళ్ల ముఖానికి చలికాలంలో ఒక్కదాన్నే వాడుకోవచ్చు. ఒక్క బటరే కొంటాను, కలపడాల టెన్షన్ నాకొద్దు అనేవాళ్లకు నేను షియా కాదు, ఇదే చెబుతాను.

కోకోని పెదవులకే ఉంచండి. చాక్లెట్ వాసన బాగుంటుంది, గట్టిగా నిలుస్తుంది, స్టిక్కు చక్కగా వస్తుంది. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. మన రాష్ట్రంలోనే ఏలూరు వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో కోకో అంతరపంటగా బాగా పండుతుంది గానీ, దుకాణంలో దొరికే వెన్న అక్కడిదే అనుకోవడానికి లేదు. నల్లమల వైపు వాళ్లు ఇప్ప నూనె ఉంది కదా అంటారు. ఉంది, సబ్బుకు భేషైనది. బామ్‌కు మాత్రం మన వేసవిలో మరీ పలచన.

ఏది కొన్నా వేసవిలో మెడకు, వీపుకు, చంకలకు ఈ వెన్నలు పట్టించకండి. చెమట బయటికి రాక చెమటకాయలు లేస్తాయి. షియా ఎండను ఆపుతుందనే మాట నమ్మి సన్‌స్క్రీన్ మానేయొద్దు, అది ఆపేది బహు కొంచెం. వాసన కోసం నిమ్మ నూనె కలుపుదామనుకునేవాళ్లకు ఇంకో మాట. గూడూరు, పొదలకూరు నిమ్మకు పేరున్న చోట ఇది ఎవరికైనా తోచే ఆలోచనే. కానీ తొక్క నుంచి పిండి తీసిన నిమ్మ నూనె రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్ల మచ్చలు పడతాయి. రాత్రి వాడే కాళ్ల బామ్‌కు రెండు చుక్కలు పర్లేదు, ముఖానికి, చేతులకు వద్దు.

వెన్న, నూనె, మైనం మాత్రమే ఉన్న బామ్‌కు ప్రిజర్వేటివ్ అక్కర్లేదు, తడి వేలు పెట్టకపోతే చాలు. కలబంద గుజ్జో, రోజ్ వాటరో చేర్చారంటే కథ మారుతుంది. బూజు పడుతుంది, కంటికి కనబడకముందే సూక్ష్మజీవులు పెరుగుతాయి. విటమిన్ ఇ నూనె వేశాంగా అంటారు. అది నూనె మక్కకుండా చూస్తుందే తప్ప సూక్ష్మజీవుల్ని ఆపదు. కొత్త డబ్బా ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. బాగా కుదిరిందని అమ్మకం మొదలుపెడదామనుకుంటే, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి లైసెన్సు తీసుకోవాలి. ఇంటి వంటగదిలో చేసి ఇరుగుపొరుగుకు డబ్బుకు ఇచ్చినా అది అమ్మకమే.

కొనడం డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి. మేలో ఆర్డరు చేస్తే కొరియర్ బండిలోనే కరిగి, గడ్డకట్టి, రవ్వగా మారి ఇంటికి వస్తుంది. ముందు పావు కిలో చాలు. మూత తీయగానే పాతబడ్డ కొబ్బరి నూనె వాసన వస్తే వెనక్కి పంపేయండి.