ఒలీవ చెక్క దుకాణంలో గంటన్నర, ఒలీవ కొండ మీద ఇరవై నిమిషాలు

మా అత్తగారికి 71 ఏళ్లు. బైబిల్లోని జెకర్యా 14వ అధ్యాయం చూడకుండా అప్పజెప్పేస్తారు. అందులో ప్రభువు పాదాలు నిలుస్తాయని రాసిన జెరూసలేం ఒలీవ కొండ మీద తానూ ఒకసారి నిలబడి, ఎదురుగా పాత నగరం తూర్పు గోడలో మూసి ఉన్న బంగారు ద్వారం చూడాలని ఆవిడ కోరిక. అందుకే 2023 ఫిబ్రవరిలో మనిషికి 1,28,000 కట్టి, గుంటూరు నుంచి ఒక గ్రూపుతో వెళ్లాం. జోర్డాన్, గలిలయ బాగానే గడిచాయి.

కరపత్రంలో ‘జెరూసలేంలో స్టార్ హోటల్, 3 రాత్రులు’ అని ఉంది. తీరా దింపింది బేత్లెహేములో, ఇజ్రాయెల్ కట్టిన సరిహద్దు గోడకు అవతల. దూరం తక్కువే, కానీ మధ్యలో చెక్‌పోస్టు. ఒక సాయంత్రం అక్కడే 50 నిమిషాలు పోయింది. గదిలో హీటర్ పనిచేయదు. అడిగితే టూర్ మేనేజర్ "బేత్లెహేము కూడా బైబిల్ ఊరే కదమ్మా, మీకా 5 చదవలేదా?" అన్నాడు.

"మీకా చెప్పింది రాజు పుట్టుక గురించి నాయనా, నీ హోటల్ గురించి కాదు" అన్నారు అత్తగారు.

రెండో రోజు పొద్దున్నే ఒలీవ చెక్క బొమ్మల దుకాణానికి తీసుకెళ్లారు. గంటన్నర! మొహమాటానికి 120 షెకెళ్లు (ఇజ్రాయెల్ డబ్బు) పెట్టి ఒక ఒంటెను కొన్నాను. ఆ తర్వాత ఒలీవ కొండ. "ఇరవై నిమిషాలే, ఫోటోలు దిగి వచ్చేయండి." కింద వాలంతా యూదుల సమాధులు. పునరుత్థానం ఇక్కడే మొదలవుతుందని నమ్మి ఇక్కడ పాతిపెట్టించుకున్నవాళ్లు. లోయ అవతల బంగారు ద్వారం, దాని ముందు ముస్లింల సమాధులు. 1541లో సులేమాన్ సుల్తాను మూయించాడని గైడు చెబుతుండగా, మాతో వచ్చిన పాస్టరు అయ్యగారు, మూసి ఉండే తూర్పు గుమ్మం గురించి చెప్పే యెహెజ్కేలు 44 తెరిచారు. ఇప్పుడున్న కట్టడం యెహెజ్కేలు తర్వాత ఎన్నో వందల ఏళ్లకు కట్టినది. ఆ సంగతి అత్తగారికి చెప్పలేదు. అధ్యాయం పూర్తికాకుండానే బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ రాత్రి భోజనం దాకా మాట్లాడలేదు.

మూడో రోజు మళ్లీ షాపింగ్ అన్నారు. నేనూ అత్తగారూ పాత నగరం దగ్గర దిగిపోయి, యూదులు ప్రార్థన చేసే పడమటి గోడకు దక్షిణాన ఉన్న పురావస్తు పార్కుకు టికెట్ కొనుక్కుని వెళ్లాం. క్రీ.శ. 70లో ఆలయాన్ని నాశనం చేసినప్పుడు రోమా సైనికులు పైనుంచి పడదోసిన రాళ్లు ఆ వీధిలో గుట్టగా అలాగే ఉన్నాయి. కింది రాతిపలకలు కుంగిపోయాయి. ఆలయంలో ‘రాతిమీద రాయి’ నిలవదని మత్తయి 24లో చదవడం వేరు, ఆ రాళ్ల పక్కన కూర్చోవడం వేరు. "మరి ఆ పడమటి గోడ నిలిచే ఉంది కదండీ?" అన్నాను. "అది ఆలయం కాదు, ఆలయం ఉన్న తిన్నె చుట్టూ కట్టిన గోడ" అన్నారు అత్తగారు ఠక్కున. మా గైడు మూడు రోజుల్లో చెప్పని మాట.

బయట 20 షెకెళ్లకు ఫలాఫెల్ తిన్నాం, మసాలా వడకు దగ్గరి చుట్టం. ఆ ట్రిప్పులో తిన్న ఒకే ఒక్క వేడి భోజనం.

వెళ్లేవాళ్లు హోటల్ పేరు, అది గోడకు ఏ పక్కన ఉందో కాగితం మీద రాయించుకోండి. టిప్పుల పేరిట మమ్మల్ని రెండో రోజు 70 డాలర్లు అడిగారు, అలాంటివి కూడా అందులోనే రాయించండి. చెక్క ఒంటెలు పాత నగరం దమస్కు గుమ్మం దగ్గర అప్పుడు 35 షెకెళ్లే. మా ఒంటెకు శంషాబాద్‌లో దిగేసరికే ఒక కాలు ఊడింది.