ఏడేళ్లుగా కొయ్య నేల మీదే మా కాపురం

మా అత్తగారిది చీమకుర్తి. ఊరి చుట్టూ గెలాక్సీ గ్రానైట్ తవ్వుతుంటే, అల్లుడు నెల్లూరులో పడగ్గదులకు కొయ్య పరిపిస్తున్నాడని తెలిసి "ఏంది నాయనా, మనకు రాయి కరువైందా?" అన్నారు. అది 2018. వేదాయపాలెంలో మాది మేడ మీద ఇల్లు. హాల్లో, వంటింట్లో టైల్స్ అలాగే ఉంచి, రెండు పడగ్గదులకు రెండు రకాలు వేయించాను. పోల్చి చూద్దామని కాదు, రెండు గదులకూ ఖరీదైనది వేసే డబ్బు లేక.

మొదట అచ్చంగా టేకు పలకలే అనుకున్నా. మా వడ్రంగి ఆపాడు. "మనూళ్లో టేకుకి ఎండాకాలం ఒక కొలత, వానాకాలం ఒక కొలత సార్" అన్నాడు. అందుకే మా గదికి ఇంజనీర్డ్ వుడ్ వేశాం. అడుగున అడ్డంగా నిలువుగా అంటించిన ప్లైవుడ్ పొరలు, పైన 3 మిల్లీమీటర్ల అసలు టేకు. బిగింపుతో కలిపి చదరపు అడుగు నాకు 400 దాటింది. పిల్లల గదికి కొయ్యలా కనిపించే 8 మిల్లీమీటర్ల లామినేట్, 110లో అయిపోయింది.

లామినేట్ పెట్టె మీద 'ఏసీ4' అని ఉంటే, ఏసీ గదులకు వేసేదేమో అనుకుని షాపులో అడిగి నవ్వులపాలయ్యాను. అది అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే లెక్క. ఆ మాట నిజమే. పిల్లలు సైకిల్ తొక్కారు, బ్యాటు ఈడ్చారు, మైపాడు బీచి ఇసుకంతా కాళ్లతో మోసుకొచ్చారు. మూడేళ్లలో చెప్పుకోదగ్గ గీత పడలేదు.

దాన్ని చెడగొట్టింది నీళ్లు. మా అమ్మకు శుక్రవారం హాలు బకెట్లతో కడగనిదే తోచదు. ఆ నీళ్లు గడప దాటి పిల్లల గదిలోకి చేరేవి. "తడిగుడ్డ పెడితేనే పాడయ్యే నేల నేలేనంట్రా?" అనేది. తలుపు దగ్గర రెండు పలకల అంచులు కొద్దిగా లేచాయి, సర్దుకున్నాం. పెన్నా పొంగిన 2021 నవంబరులో మేం ఊళ్లో లేం, బాల్కనీ తలుపు కింద నుంచి వాన నీళ్లు వచ్చి రెండు రోజులు నిలిచాయి. తిరిగొచ్చేసరికి గది సగం అంచులు అప్పడాల్లా లేచి ఉన్నాయి. లామినేట్ అంటే పైన కొయ్య బొమ్మ అచ్చేసిన కాగితం, లోపల పీచు అదిమిన అట్ట. ఆ అట్ట ఒకసారి ఉబ్బితే ఆరినా తగ్గదు, చిత్రిక పడదామంటే కాగితం పోతుంది. కొన్ని పలకలు మారుద్దామంటే ఆ రంగు రావడం ఆగిపోయింది. ఒక పెట్టె ఎక్కువ కొని అటక మీద పడేయాల్సింది.

2022లో అక్కడ ఎస్పీసీ వేశాం. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసేది, కొయ్య అనేది పేరుకే. నీళ్లంటే భయం లేదు, అమ్మకు హాయి. అయితే పడమటి కిటికీ ఎండకు మొదటి వేసవిలోనే మధ్యలో ఉబ్బింది. వేడికి పలకలు సాగేందుకు బిగించినవాళ్లు గోడ వెంట సందు వదల్లేదు. అంచులు పది మిల్లీమీటర్లు కోయించి, ఆ సందు కనపడకుండా గోడ అడుగున స్కర్టింగ్ పట్టీ కొట్టించాక సర్దుకుంది, ఇప్పుడు మధ్యాహ్నం కర్టెన్ వేసే ఉంచుతాం. కాలికి మాత్రం ప్లాస్టిక్ అని తెలుస్తూనే ఉంటుంది.

ఇంజనీర్డ్ వుడ్ మీద నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. వేసవిలో ఏసీ నడిచే నెలల్లో పలకల మధ్య పోస్టుకార్డు దూరేంత సందు వస్తుంది, కార్తీకం వానలకు మూసుకుంటుంది. మొదటి ఏడు ఆ సందులు చూసి టెన్షన్ పడ్డాను, ఇప్పుడు పట్టించుకోను. గీతలు సులువుగా పడతాయి, మంచం కాళ్లకు రబ్బరు తొడుగులు తప్పవు. నిరుడు పైపైన మిషన్ పట్టించి పాలిష్ వేయిస్తే కొత్తదానిలా తేలింది. పై పొర పలచన కాబట్టి ఇంకోసారి, మహా అయితే రెండుసార్లు అలా చేయొచ్చు.

అత్తగారు రోహిణి కార్తెలో వస్తే హాల్లో టైల్స్ మీదే చాప వేసుకుంటారు, కొయ్యకు ఆ చల్లదనం లేదంటారు. నిజమే, లేదు. ధనుర్మాసంలో వస్తే మాత్రం మోకాళ్లు పట్టేస్తున్నాయని చాప మా గదిలోకి లాక్కుంటారు.