కోహా నేర్పే ఉచిత పాఠాలు: ఒక డిగ్రీ కళాశాల లైబ్రేరియన్ అభిప్రాయం

గ్రంథాలయ సిబ్బంది కోసం పెట్టే కంప్యూటర్ శిక్షణల్లో, పైసా తీసుకోకుండా పని చేతికి వచ్చేదాకా నేర్పినది నాకు ఇంతవరకు ఒక్కటే కనిపించింది. బొంబాయి ఐఐటీ మొదలుపెట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులోని కోహా వీడియో పాఠాలు అవి. కోహా అంటే గ్రంథాలయం పనులన్నీ కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్. మా కళాశాల గ్రంథాలయాన్ని ఆ పాఠాల సాయంతోనే రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌లోకి తెచ్చాను. వాటిలో ఏది బాగుందో, ఎక్కడ మనమే సర్దుకోవాలో నాలాంటి చిన్న ఊళ్ల లైబ్రేరియన్లకు తెలియాలని ఇది రాస్తున్నాను.

మాది గోదావరి జిల్లాల్లో ఒక పాత ఎయిడెడ్ డిగ్రీ కళాశాల. పదహారు వేల పైచిలుకు పుస్తకాలు ఉన్నాయి, అందులో సగానికి పైగా తెలుగువే. కళాశాలలకు గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్ బృందం వచ్చే ముందు ప్రతి కళాశాలా నింపే నివేదికలో 4.2.1 అని ఒక అంశం ఉంటుంది. గ్రంథాలయం ఏ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తోంది, పూర్తిగానా పాక్షికంగానా, ఏ వెర్షన్, ఏ సంవత్సరం నుంచి అని అడుగుతుంది. ఆ గడి నింపాల్సి వచ్చినప్పుడే చాలామంది ప్రిన్సిపాళ్లకు లైబ్రేరియన్ గుర్తుకొస్తారు. అప్పుడు కూడా చేతికి డబ్బు రాదు, గడువు మాత్రం వస్తుంది.

ముందుగా ఒక ప్రైవేటు సంస్థ పెట్టిన వర్క్‌షాపుకు సొంత డబ్బు కట్టి వెళ్లాను. పేరు చెప్పను. హాలు నిండా లైబ్రేరియన్లు, ముందు తెర మీద స్లైడ్లు, కాఫీ, భోజనం, ఫొటోలు. ఎవరి ముందూ కంప్యూటర్ లేదు. చివరి రోజు అందరికీ సర్టిఫికెట్లు పంచారు. కాంట్రాక్టు మీద నెలకు చాలీచాలని జీతంతో నెట్టుకొచ్చే పిల్లలు అప్పు చేసి ఆ రుసుము కట్టారు. ఒక్క పుస్తకమైనా క్యాటలాగ్‌లో ఎక్కించడం రాకుండా వాళ్లు వెనక్కి వెళ్లడం చూసి నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

సాఫ్ట్‌వేర్ విషయంలో మనకు దారులు లేకపోలేదు. గాంధీనగర్‌లోని, విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం పనిచేసే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ తయారుచేసిన సోల్ ఉంది, దానికి శిక్షణ తరగతులూ ఉన్నాయి. ప్రభుత్వ గ్రంథాలయాలకు కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ వారి ఈ-గ్రంథాలయ ఉంది. నేను కోహా వైపు మొగ్గడానికి కారణం, దాన్ని కొనే పని లేదు, ఏటేటా రుసుము కట్టే పనీ లేదు. న్యూజిలాండ్‌లో హొరోవెనువా అనే ప్రాంతపు గ్రంథాలయాల వాళ్లు 1999లో, తమ పాత వ్యవస్థ 2000 సంవత్సరం తేదీలను తట్టుకోలేదని తెలిసి, కొత్తది రాయించుకున్నారు. 2000 జనవరిలో వాడుకలోకి తెచ్చి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా లోకానికి వదిలేశారు. పెద్ద విశ్వవిద్యాలయం కాదు, ఊళ్ల గ్రంథాలయాలు చేసిన పని ఇది. అందుకే నాకు దాని మీద ప్రత్యేకమైన గౌరవం.

ఇక పాఠాల సంగతి. ఒక్కొక్కటి సుమారు పది నిమిషాలు. తెరను రెండు భాగాలు చేసుకుని, ఒక పక్క వీడియో, మరో పక్క కోహా తెరుచుకోవాలి. వీడియోలో ఒక మీట నొక్కితే ఆపి, మనమూ అదే నొక్కాలి. గొంతు తొందరపడదు. తెర మీద ఏ మూల ఏముందో, దేని మీద నొక్కాలో చెబుతుంది. ప్రతి పాఠానికీ రాతప్రతి ఉంటుంది, పక్కన నిమిషాల లెక్కతో. నెట్ సరిగా లేని రోజుల్లో ఆ రాతప్రతిని అచ్చు తీసుకుని బల్ల మీద పెట్టుకున్నాను. ఇంగ్లీషు వింటూ పని చేయలేని మా అటెండరుకు దానిలోని మెట్లనే తెలుగులో రాసిచ్చాను.

వరుస చక్కగా కుదిర్చారు. మొదట ఇన్‌స్టలేషన్, తర్వాత సూపర్ లైబ్రేరియన్‌ను (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాను) సృష్టించడం, పుస్తక రకాలు, సభ్యుల రకాలు, సభ్యులను చేర్చడం, క్యాటలాగింగ్, ఇష్యూ రిటర్న్, పత్రికల చందాలు, బడ్జెట్. గ్రంథాలయంలో కూర్చున్న మనిషి ఆలోచన ఏ క్రమంలో నడుస్తుందో అదే క్రమం.

నాకు బాగా పనికొచ్చినది ఎక్సెల్ పట్టికను మార్క్ రికార్డులుగా మార్చే పాఠం. మార్క్ అంటే పుస్తక వివరాలను కంప్యూటర్ చదివేలా రాసే పద్ధతి. మన దగ్గర సాధారణంగా ఉండేది ఎవరో ఎప్పుడో ఎక్సెల్‌లో కొట్టించిన యాక్సెషన్ రిజిస్టరు, అంటే గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో రాసుకునే పట్టిక. దాన్నంతా మళ్లీ కొట్టాలంటే ఏళ్లు పడుతుంది. మార్క్ పద్ధతిలో ప్రతి వివరానికీ ఒక నంబరు ఉంటుంది. 020 ఐఎస్‌బీఎన్, 082 విషయాన్ని బట్టి ఇచ్చే డ్యూయీ వర్గ సంఖ్య, 100 రచయిత, 245 పుస్తకం పేరు. 952 మాత్రం కోహా సొంతం. మన బీరువాలో ఉన్న పుస్తక ప్రతికి (కాపీకి) సంబంధించినదంతా అందులోకే వెళ్తుంది: ఎ, బి గడుల్లో గ్రంథాలయం కోడ్, ఒ గడిలో కాల్ నంబరు (పుస్తకం ఏ అరలో ఉండాలో చెప్పేది), పి గడిలో బార్‌కోడ్, వై గడిలో పుస్తక రకం. మార్క్‌ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్సెల్ ఏ నిలువు వరుస ఏ నంబరుకు పోవాలో చూపిస్తే, వేల పుస్తకాలు ఒకేసారి రికార్డులుగా మారతాయి. వాటిని కోహాలో ముందు తాత్కాలికంగా ఎక్కించి, పరిశీలించి, తర్వాత ఖాయం చేయాలి. ఒక జాగ్రత్త: గ్రంథాలయం కోడ్, పుస్తక రకం కోడ్ కోహాలో మీరు పెట్టుకున్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. లేకపోతే పుస్తకం పేరు ఎక్కుతుంది గాని, దాని కాపీ ఎక్కదు. కాపీ లేని పుస్తకాన్ని ఇష్యూ చేయలేం. మొదట పది పుస్తకాలతో పరీక్షించి చూసుకోండి.

పాఠాలకు అందని చోటు తెలుగు. ఇది వాళ్ల తప్పని అనను, దేశమంతటికీ చేసిన పాఠాలు అవి. కానీ తెలుగు పుస్తకాలు ఎక్కువగా ఉన్న గ్రంథాలయానికి ఇక్కడే అసలు పని మొదలవుతుంది. మన పాత జాబితాల్లో చాలావరకు డీటీపీలో వాడే అనూ ఫాంట్లలో కొట్టినవే. వాటిని అలాగే ఎక్కిస్తే తెర మీద పిచ్చి గుర్తులు వస్తాయి. ముందుగా ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చే సాధనాలు దొరుకుతాయి గాని, ఒత్తుల దగ్గర, అరుదైన అక్షరాల దగ్గర మనిషి కన్ను తప్పనిసరి. తర్వాత ఎక్సెల్ నుంచి మామూలు టెక్స్ట్‌గా భద్రపరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. యూనికోడ్‌ను నిలిపే యూటీఎఫ్-8 రూపంలో భద్రపరచాలి, మార్క్‌ఎడిట్‌లో కూడా అదే ఎంచుకోవాలి.

అంతా ఎక్కించాక తెలుగు పేరుతో వెతికితే సరిగా దొరకకపోవచ్చు. కారణం జీబ్రా. కోహాలో వెతుకులాట చూసే భాగం అది. మామూలుగా అది అక్షరాలను విడదీసే పద్ధతి లాటిన్ లిపికి తగినది. భారతీయ లిపులకు ఐసీయూ అనే మరో పద్ధతి ఉంది. కోహా అమరికల్లో దాన్ని ఎంచుకుని, సూచికను మళ్లీ మొదటి నుంచి కట్టించాలి. ఇది ముందే తెలిసి, ఇన్‌స్టలేషన్ సమయంలోనే చేసుకుంటే ఎంతో శ్రమ తప్పుతుంది. నేను చూసిన పాఠాల్లో ఈ విషయం లేదు. కోహా సొంత మాన్యువల్ చదివి, తోటి లైబ్రేరియన్లను అడిగి తెలుసుకున్నాను. తెలుగు పిల్ల తెలుగులో పుస్తకం పేరు కొడితే పుస్తకం దొరకాలి. అది దొరకనప్పుడు మిగతా హంగులన్నీ ఎందుకు?

వేరే గ్రంథాలయాల నుంచి తయారు రికార్డులు తెచ్చుకునే పాఠం కూడా ఉంది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకు అది వరం. ఐఎస్‌బీఎన్ కొడితే అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం నుంచి రికార్డు వచ్చి వాలుతుంది. ఆ గ్రంథాలయానికి 1962 నుంచి ఢిల్లీలో కార్యాలయం ఉంది, తెలుగు పుస్తకాలనూ కొంటారు. అయితే తెలుగు పుస్తకాల వివరాలు ఎక్కువగా రోమన్ లిపిలో, అక్షరాల మీదా కిందా గీతలతో చుక్కలతో వస్తాయి. పేరు, రచయిత మనం తెలుగులో చేర్చుకోవాల్సిందే. అయినా వర్గ సంఖ్య, ప్రచురణ వివరాలు చేతికందుతాయి కాబట్టి సగం పని తగ్గినట్టే.

మరో లోపం పాతదనం. పాఠాలను కోహా 16.05 వెర్షన్ మీద, ఉబుంటు 16.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద రికార్డు చేశారు. కోహా ఏటా మే, నవంబరు నెలల్లో కొత్త వెర్షన్ విడుదల చేస్తుంది. 22.11లో సిబ్బంది వాడే పేజీల రూపమే మారిపోయింది. కొన్ని మీటలు పాఠంలో చెప్పిన చోట ఉండవు. పని జరిగే తీరు మాత్రం మారలేదు, కొంచెం వెతుక్కుంటే దొరుకుతాయి. ఇన్‌స్టలేషన్ పాఠాన్ని మాత్రం ఉన్నదున్నట్టు అనుసరించకండి. ఆ ఉబుంటుకు మామూలు మద్దతు 2021 ఏప్రిల్‌తోనే ముగిసింది. కొత్త ఉబుంటు గాని డెబియన్ గాని వేసుకుని, కోహా వారి తాజా సూచనల ప్రకారం పెట్టుకోండి. ఆ ఒక్క పనికి కంప్యూటర్ సైన్సు అధ్యాపకుల సాయం తీసుకోండి, నేను అదే చేశాను.

మా అటెండరు గురించి చెప్పకపోతే ఈ పాఠాలకు అన్యాయం చేసినదాన్నవుతాను. పదవీ విరమణకు దగ్గరలో ఉన్న మనిషి. ఏ పుస్తకం ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెబుతారు, కంప్యూటర్ ముందు కూర్చోవడానికి మాత్రం మొదట ఒప్పుకోలేదు. ఇష్యూ రిటర్న్ పాఠం రెండు పక్కలా తెర పెట్టి కూర్చోబెట్టాను. ఒక మధ్యాహ్నం నేను స్టాకు గదిలో ఉండగా కేక వేశారు: "మేడమ్‌గారూ, ఈ అబ్బాయి కార్డు మీద గడువు దాటిన పుస్తకం ఒకటుందని చూపిస్తోందండీ, ఇది తేకుండా ఇంకొకటి ఇవ్వకూడదు కదండీ?" అధ్యాపకులకు ఎన్ని పుస్తకాలు, విద్యార్థులకు ఎన్ని రోజులు అన్న నియమాల పట్టిక నేను పెట్టినదే. దాన్ని చదివి నిర్ణయం తీసుకున్నది ఆయన. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. శిక్షణ అంటే లైబ్రేరియన్‌కు మాత్రమే అనుకునే యాజమాన్యాలు ఈ సంగతి గమనించాలి.

పౌర గ్రంథాలయాల్లో పనిచేసేవారికి ఇంకో మాట. 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ అంటే మనవాళ్లకు పుస్తకాలు పంపే సంస్థగానే తెలుసు. సదస్సులు, వర్క్‌షాపులు, పునశ్చరణ తరగతులు పెట్టడానికి సాయం చేసే పథకమూ దాని జాబితాలో ఉంది. మనిషి ముందు కంప్యూటర్ పెట్టి, ఈ పాఠాలనే ఆధారం చేసుకుని, పైన చెప్పిన తెలుగు సంగతులు కలిపి తరగతులు నడిపితే ఆ డబ్బు సద్వినియోగమవుతుంది. ప్రజలు ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. అందులో కొంత భాగం సిబ్బంది చేతికి పని నేర్పడానికి పోవాలని గట్టిగా కోరుతున్నాను.

మొదలుపెట్టేవారు ఇన్‌స్టలేషన్ దగ్గర ఆగిపోకుండా, ముందు ఎవరిదైనా నడుస్తున్న కోహాలో లాగిన్ అడిగి క్యాటలాగింగ్, ఇష్యూ రిటర్న్ పాఠాలు చేసి చూడండి. చేయి తిరిగాక సొంతంగా పెట్టుకోండి. నియమాల పట్టిక పూర్తయ్యేవరకు విద్యార్థులకు ఇష్యూ మొదలుపెట్టకండి. రోజూ సాయంత్రం డేటాబేస్ నకలు వేరే డిస్కులోకి తీసుకోండి. పాత యాక్సెషన్ రిజిస్టరును మాత్రం పారేయకండి, స్టాక్ వెరిఫికేషన్‌కు, ఆడిట్‌కు ఇప్పటికీ అదే అడుగుతారు.